ఆఫీసులో ఇంప్రావ్ ఆటలు: పని నేర్పుతాయా, వంత పాడిస్తాయా?

ఆటోనగర్_అబ్బాయి:
బెజవాడ ఆటోనగర్‌లో మాది స్పేర్ పార్టుల హోల్‌సేల్. బిల్లింగ్ వాళ్లకీ గోడౌన్ వాళ్లకీ రోజూ గొడవే. మొన్న శనివారం బెంజి సర్కిల్ దగ్గర హోటల్లో ఇంప్రావ్ కామెడీ వర్క్‌షాప్ పెట్టారు. రాసుకున్న డైలాగులుండవు. పక్కవాడు ఏదంటే దానికి "అవును, ఇంకా..." అని కథ పొడిగించాలి. బాగా నవ్వుకున్నాం. సోమవారం మళ్లీ గొడవే. వీటివల్ల నిజంగా ఉపయోగం ఉందంటారా?

మిర్చి_ఘాటు:
శనివారానికి ఓటీ ఇచ్చారా? ముందు అది చెప్పు.

బ్రాడీపేట_రంగస్థలం:
ఒక్క పూటలో ఏం తేలుతుంది తమ్ముడూ? అసలివి కంపెనీల కోసం పుట్టిన ఆటలు కావు. వయోలా స్పోలిన్ అనే ఆవిడ 1930ల చివర్లో చికాగోలో వలస కుటుంబాల పిల్లల చేత ఆడించారు. తర్వాత 1959లో అదే ఊళ్లో ఇంప్రావ్ కామెడీ ఆడే సెకండ్ సిటీ నాటకశాల మొదలుపెట్టిన వాళ్లలో ఆవిడ కొడుకు పాల్ సిల్స్ ఒకరు.

గుంటూరులో మా కాలేజీ పిల్లల చేత మనిషికో మాట చొప్పున కథ చెప్పిస్తాను. "నిన్న", "మా", "తాత", "బస్సు"... ఐదోవాడు "ఎక్కాడు" అందామని కాచుక్కూర్చుంటాడు. నాలుగోవాడు "బస్సు" బదులు "బావిలో" అంటాడు. అంతే, వీడి నోట మాట రాదు. ఎదుటివాడు మాట్లాడుతున్నంతసేపూ మనం వినం, మన మాట మనం సర్దుకుంటూ ఉంటాం. ఆ రోగానికే ఈ మందు.

వన్‌టౌన్_శాస్త్రి:
ఆశువుగా చెప్పడానికి చికాగో దాకా పోవాలా? ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుని, అప్రస్తుత ప్రసంగి మధ్యలో అడ్డదిడ్డమైన ప్రశ్నలు వేస్తుంటే పద్యం చెప్పే అవధానం మనది.

బ్రాడీపేట_రంగస్థలం:
శాస్త్రిగారూ, అది ఒక్కరి ప్రతిభ. టీమ్‌వర్క్ అంటే బుర్రకథ. మధ్యలో తంబురాతో కథకుడు, అటూ ఇటూ వంతలు, ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. వంత అందుకోకపోతే కథ ఆగిపోతుంది. బుర్రకథకు పేరుపడ్డ నాజర్ గారిది మా గుంటూరు జిల్లానే.

కృష్ణలంక_కల్యాణి:
వంత అన్నారు, బాగుంది. మా ఆఫీసులోనూ ఈ వర్క్‌షాప్ అయింది. మూడు వారాల తర్వాత మీటింగులో "గురువారానికి స్టాక్ రాదు సార్" అన్నాను. మా మేనేజర్ "కల్యాణిగారూ, అవును-ఇంకా అనాలి కదా" అన్నాడు. అందరూ పకపకా నవ్వారు. గురువారం లారీ రాలేదు. పార్టీ వేరేచోట కొనుక్కున్నాడు. అప్రైజల్‌లో మాత్రం నాకు "నెగెటివ్ యాటిట్యూడ్" అని రాశారు.

బ్రాడీపేట_రంగస్థలం:
"అవును, ఇంకా" అంటే ఒప్పుకోమని కాదండీ. మీరన్నది విన్నాను, అక్కణ్ణించి మొదలుపెడతాను అని. "లారీ వచ్చింది" అని ఒకరంటే "వచ్చింది, టైరు పంక్చరైంది" అనొచ్చు. "లారీయే లేదు" అంటే ఆట పోతుంది.

కృష్ణలంక_కల్యాణి:
లారీ నిజంగానే లేకపోతే?

వన్‌టౌన్_శాస్త్రి:
అవధానంలో టీమ్‌వర్క్ లేదన్న మాట వెనక్కి తీసుకోండి. పృచ్ఛకుడు మంచి సమస్య ఇవ్వకపోతే పూరణ ఏం పండుతుంది?

బ్రాడీపేట_రంగస్థలం:
శాస్త్రిగారూ, ఒక్క నిమిషం. కల్యాణిగారూ, అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తున్నారు. మీ గొడవ మేనేజర్‌తో, ఆటతో కాదు.

కృష్ణలంక_కల్యాణి:
మీ పిల్లలకు జీతం మీరివ్వరు కాబట్టి మీకలాగే ఉంటుంది. ఆ వర్క్‌షాప్ రోజు నేను కోడిలా కూశాను సార్, పద్దెనిమిదేళ్ల సర్వీసు నాది. మా మేనేజర్ ఏసీ కింద కుర్చీ వేసుకుని ఫోన్లో వీడియో తీశాడు. ఇప్పటికీ ఆఫీసు వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది.

బ్రాడీపేట_రంగస్థలం:
ఆయన ఆడలేదా?

కృష్ణలంక_కల్యాణి:
లేదు.

బ్రాడీపేట_రంగస్థలం:
మరి అది వేరే సంగతి. ఆడనివాణ్ణి నేను గదిలో ఉండనివ్వను. ఇది మొదటే చెప్పొచ్చు కదండీ.

కృష్ణలంక_కల్యాణి:
మీరు అడిగితే కదా. వినడం నేర్పేది మీరే మరి!

వన్‌టౌన్_శాస్త్రి:
నా మాటకు ఇంకా జవాబు రాలేదు.

ఆటోనగర్_అబ్బాయి:
ఇప్పుడాలోచిస్తే మా ఓనరూ ఆడలేదు. భోజనాల టైముకొచ్చి ఫొటో దిగి వెళ్లారు.

మిర్చి_ఘాటు:
ఓటీ?

ఆటోనగర్_అబ్బాయి:
లేదన్నా. బిర్యానీ పెట్టారు.