స్టేజింగ్ యార్డ్: బోర్డు కింద దాచాలా, చెయ్యి అందేలా వెయ్యాలా?

లూప్‌లైన్: హైదరాబాద్‌లో మాకు 12×10 అడుగుల గది ఒకటి ఖాళీగా ఉంది, హెచ్‌ఓ సైజు (అసలు బండిలో 87వ వంతు) మోడల్ రైళ్ల లేఅవుట్ మొదలుపెడుతున్నా. విజయవాడ లాంటి జంక్షన్ కావాలి, కాజీపేట వైపో గూడూరు వైపో పోయిన బండి కాసేపు కనపడకుండా ఉండి మళ్లీ రావాలి. అందుకే బోర్డు కింద 6 లైన్ల స్టేజింగ్ యార్డు, అంటే బండ్లు కనపడకుండా నిలిపి ఉంచే చోటు, వేద్దామని. ఒక ఫ్రెండ్ మాత్రం వద్దంటే వద్దంటున్నాడు. మీరేమంటారు?

డీజిల్‌షెడ్: మీ ఫ్రెండ్ మాట విను తమ్ముడూ, నేను వేసి పీకేసినోణ్ణి. 10 సెంటీమీటర్ల ఎత్తు వదిలా, బండికి చాలింది కానీ నా చెయ్యి పట్టలేదు. గోడవారన పాయింట్ (లైను రెండుగా చీలే చోటు) మీద ఒక్క కోచ్ పట్టాలు తప్పితే నేల మీద పడుకుని, టార్చ్ వేసుకుని, ముందున్న కోచ్‌లన్నీ లాగి అప్పుడు దాన్ని తియ్యాలి. దుమ్ము, సాలెగూళ్లు, బల్లులు, పట్టాలు తుడవడం కుదరక లోకోలు మధ్యలో ఆగిపోవడం. రెండోసారి కింద కాకుండా పై బోర్డు లెవెల్లోనే గోడ పక్కన వేసి ముందు జానెడు ఎత్తు బ్యాక్‌డ్రాప్ పెట్టా, నిలబడే అన్నీ అందుతున్నాయ్.

గూడ్స్‌గార్డ్: అన్నా, 6 లైన్లకి 5 సెం.మీ. చొప్పున ఒక అడుగు వెడల్పు పోతుంది, అంత చిన్న గదిలో ఆ అడుగు చాలా ఎక్కువ. తప్పు కింద వెయ్యడంలో లేదు, ఎత్తు తక్కువ వదలడంలో ఉంది. 20 సెం.మీ. వదలండి. 2 శాతం వాలుకి 10 మీటర్ల దారి పడుతుంది, గది చుట్టూ 13 మీటర్లు ఉంది కాబట్టి ఒక్క రౌండ్‌లో దిగిపోవచ్చు, హెలిక్స్ (చుట్లు చుట్లుగా దిగే దారి) కూడా అక్కర్లేదు, తలుపు దగ్గర తీసి పెట్టుకునే బ్రిడ్జి ఒకటి చాలు. బండి నిజంగా ఎటో పోయి వచ్చిందనిపించేది కింద దాచినప్పుడే, జానెడు గోడ వెనక కోచ్‌ల పైకప్పులు కనిపిస్తుంటే ఆ ఫీల్ ఎక్కడిది?

డీజిల్‌షెడ్: ఎత్తు సంగతి ఒప్పుకుంటా. కానీ పొడవు చూశావా? ఎల్‌హెచ్‌బీ కోచ్ (ఇప్పటి కొత్త రకం పెట్టె) సుమారు 24 మీటర్లు, 87తో భాగిస్తే 27 సెం.మీ. పైనే. 12 కోచ్‌లు, లోకో కలిపి మూడున్నర మీటర్లు. 6 లైన్లకి 5 పాయింట్లు, నంబర్ 6 రకం (6కి 1 చొప్పున పక్కకి తిరిగేది) అయితే ఒక్కోదానికి 30 సెం.మీ., అంటే ఇంకో మీటరున్నర. పొడుగు గోడేమో 3.66 మీటర్లే! మూల తిరగాల్సిందే, ఆ వంపులో పొడుగు రేక్‌ని (కోచ్‌ల వరసని) వెనక్కి నెట్టావంటే మధ్యలో కోచ్‌లు పక్కకి తన్నుకుని పడిపోతాయ్, అదీ కంటికి కనపడని చోట.

గూడ్స్‌గార్డ్: అది నిజమే. అయితే పాయింట్లన్నీ తలుపు వైపు, బోర్డు అంచున చెయ్యి అందే చోట పెట్టి లోపల వంపు లేని లైన్లు మాత్రమే ఉంచాలి. చివర్లో ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ పెడితే బండి ఎక్కడిదాకా వెళ్లిందో పైనుంచే తెలుస్తుంది.

లూప్‌లైన్: ఇద్దరికీ థాంక్స్, రాత్రంతా టేపు పట్టుకుని కొలిచా. 4 లైన్లు, 8 కోచ్‌లు అనుకుంటే బండి రెండున్నర మీటర్ల లోపు, 3 పాయింట్లకి 90 సెం.మీ., పొడుగు గోడకి వంపు లేకుండా సరిపోతోంది. 20 సెం.మీ. ఎత్తుతో కిందే వేస్తున్నా. 12 కోచ్‌ల కోరిక వదులుకోవడమే కష్టంగా ఉంది.

డీజిల్‌షెడ్: వెయ్యి, అయితే ఒక్క మాట. పై బోర్డు బిగించక ముందే ఒక వారం నీ దగ్గరున్న ప్రతి రేక్‌నీ ఆ 4 లైన్లలోకి నెట్టి చూడు, తప్పే జాయింట్ ఏదో అప్పుడే దొరకాలి.