ఒక్కరోజు ఫ్యామిలీ ట్రిప్, తిండి ఎలా ప్లాన్ చేస్తారు? (పోయినసారి బోల్తా పడ్డాం)

డబ్బామూత:
హాయ్ అందరికీ. వచ్చే ఆదివారం ఇంటిల్లిపాదీ ఊరి బయటికి వెళ్దాం అనుకుంటున్నాం, పొద్దున్నే వెళ్లి రాత్రికి వచ్చేయడమే. తొమ్మిది మందిమి, రెండు కార్లు, ఒకవైపు రెండున్నర గంటలు. నాన్నకి షుగర్, ఇన్సులిన్ తీసుకుంటారు. అక్క పిల్లలు ఇద్దరు, ఏడేళ్లవాడు, నాలుగేళ్లది. మా ఇంట్లో ట్రిప్ అంటే చూసేది తక్కువ తినేది ఎక్కువ, దానికి నాకేం బాధ లేదు, నేనూ ఆ బ్యాచే.

పోయినసారి ఏమైందంటే బండి మెయిన్ రోడ్డు ఎక్కకముందే వెనక సీట్లో టప్‌మని డబ్బా మూత ఊడిన సౌండ్, ఇక అక్కడి నుంచి నోళ్లు ఆగలేదు. గంట తిరక్కుండా పెద్దోడు వాంతి, కవర్ తీసేలోపే అయిపోయింది, అమ్మ రెండు చేతులూ దోసిలి పట్టింది పాపం. మధ్యాహ్నం మూడింటికి అన్నం గిన్నె తెరిస్తే జిగురు సాగుతోంది, పొద్దున ఐదింటికి పొగలు కక్కుతుండగానే మూత బిగించేసిన అన్నం అది. వచ్చేటప్పుడు బావ స్టీరింగ్ మీద తూగుతుంటే పక్కన కూర్చుని గిల్లుతూ వచ్చా. ఇదంతా ఒకెత్తు, ఇంటికొచ్చి ఫోటోలు చూస్తే ఒక్కదాంట్లోనూ అమ్మ ముఖం లేదు. ఒకే ఒక్క ఫోటోలో ఓ మూలన చెయ్యి కనిపిస్తుంది, చేతిలో గరిటె.

అన్నీ ఇంట్లోనే వండుకెళ్లాలా, దారిలో తినాలా, సగం సగమా? మీరైతే ఎలా చేస్తారు?

ఐస్‌బాక్స్:
ఆ అన్నం ఎవరూ తినలేదు కదా? వండిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా ఉంటుందండీ, ఉడికినా దాని బీజాలు చావవు, గోరువెచ్చగా గంటల తరబడి వదిలేస్తే పెరిగి విషం తయారుచేస్తాయి, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. వాసన బాగానే ఉందిగా అని తినేసేవాళ్లు మా ఇంట్లోనూ ఉన్నారు, వాళ్లతోనే తంటా.

5 నుంచి 60 డిగ్రీల మధ్యలో తిండి ఎంతసేపు ఉంటే అంత డేంజర్. బయట రెండు గంటలు మించనివ్వకూడదు, ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే. అంటే వేడిది వేడిగానే ఉండాలి, చల్లది చల్లగానే ఉండాలి, మధ్యరకం పనికిరాదు. ఫ్లాస్క్‌లో పెట్టేదైతే ముందు మరిగే నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచి, పారబోసి, అప్పుడు తిండి వెయ్యండి, చాలామంది ఈ ఒక్క పని చెయ్యరు, పావుగంటలో చల్లారిపోయిందని ఫ్లాస్క్‌ని తిడతారు. చల్లవాటికి వాటర్ బాటిళ్లు ముందురోజు రాత్రే ఫ్రీజర్‌లో పెట్టండి (నిండా పొయ్యొద్దు, గడ్డకడితే నీళ్లు ఉబ్బుతాయి), డబ్బాల పైన కూడా సర్దండి, చల్లగాలి కిందికే దిగుతుంది. సాయంత్రానికి కరిగితే తాగేయొచ్చు. ఆ బాక్స్‌ డిక్కీలో కాదు, ఏసీ తగిలేచోట.

కిటికీసీటు:
మీ పెద్దోడి బాధ నాకు తెలుసు, చిన్నప్పుడు నేనూ అదే కేసు. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల పిల్లల్లో ఇది ఎక్కువ. లోపలి చెవి కదులుతున్నాం అంటుంది, కళ్లేమో ఎదురుగా సీటు వీపు చూసి కదల్లేదు అంటాయి, ఆ గొడవలో కడుపు తిప్పుతుంది. ఫోన్ చేతికిచ్చారా, ఇంకా ఫాస్ట్. దూరంగా రోడ్డు కనిపించేలా కూర్చోబెట్టి కిటికీ కొంచెం దించండి. ఖాళీ కడుపుతో ఎక్కిస్తే కూడా తిప్పుతుంది, అలాగని నూనె కారేవి వద్దు, బయల్దేరే ముందు కొంచెం తేలికగా ఏదైనా పెట్టి, మళ్లీ బండి ఆగాకే తిండి. టాబ్లెట్ వెయ్యాలంటే డాక్టర్‌ని అడిగి వెయ్యండి, అది ఎక్కే ముందే పడాలి, వాంతి మొదలయ్యాక వేసి లాభం లేదు.

బద్ధకం:
ఇంత లెక్కేసుకుంటే ట్రిప్ ఎందుకు బ్రో 😄 మేం పర్సు తప్ప ఏం పట్టుకెళ్లం, ఆకలైనచోట ఆగడం తినడం

డబ్బామూత:
@బద్ధకం నాన్న లేకపోతే అదే చేసేవాళ్లం. ఆయనకి భోజనం టైం తప్పితే కాళ్లు చేతులు వణుకు, చెమటలు.

ఐస్‌బాక్స్:
అలాంటప్పుడు గ్లూకోజ్ జేబులోనే ఉండాలండీ, డిక్కీలో బ్యాగ్ కింద కాదు. రక్తంలో షుగర్ 70 కంటే తగ్గితే 15 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చి, పావుగంట ఆగి మళ్లీ చెక్ చెయ్యాలి. ఇన్సులిన్ ఐస్‌కి ఆనించొద్దు, గడ్డకడితే ఇక పనికిరాదు. ఎండలో ఆపిన కారులో అసలే వదలొద్దు.

రెండోగేర్:
అందరూ పిల్లాడి గురించి చెప్తున్నారు, స్టీరింగ్ మీద తూగిన మనిషిని వదిలేశారేంటి. గిల్లితే నిద్ర పోదు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఒళ్లు దానంతటదే మందగిస్తుంది, అన్నం తినకపోయినా సరే, ఇక పీకల్దాకా తింటే చెప్పేదేముంది. డ్రైవర్‌కి మధ్యాహ్నం సగం కడుపే పెట్టండి, తిట్టుకుంటాడు, పర్లేదు, వాటా ఇంట్లో దాచి ఉంచుతాం అని చెప్పండి. కళ్లు మూతపడుతుంటే బండి పక్కకి తీసి ఒక కాఫీ తాగి ఇరవై నిమిషాలు పడుకోమనండి, లేచేటప్పటికి కాఫీ పని మొదలెడుతుంది. ప్రతి రెండు గంటలకీ పావుగంట ఆగడం ఎటూ కంపల్సరీ.

గరిటెపట్టినావిడ:
నేను మీ అమ్మగారి బ్యాచ్ బాబూ, అందుకే రాస్తున్నా. నువ్వు కూర్చోమ్మా అంటే మేం కూర్చోం, ఎదురుగా గిన్నెలుంటే చెయ్యి ఆగదు, ఎవరికి తక్కువైందో అని కళ్లు అటే పోతాయి. మా అబ్బాయి ఒకసారి గరిటె లాక్కున్నాడు, నాకు కోపం వచ్చింది కూడా. తర్వాత మా కోడలు వేరే పని చేసింది. ముందురోజు రాత్రి తను, మా అబ్బాయి కూర్చుని తలా ఒక డబ్బా కట్టి పైన పేర్లు రాసి పెట్టారు, పొద్దున కూరలు వండగానే ఎవరి డబ్బాలో వాళ్లది పడిపోయింది, పెద్ద గిన్నె అనేదే బండెక్కలేదు. వడ్డించడానికి ఏమీ లేకపోయేసరికి మొదట్లో తోచలేదు నాకు. కాసేపు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు. తర్వాత వెళ్లి నీళ్లల్లో కాళ్లు పెట్టుకుని కూర్చున్నా.

పొద్దున ఐదింటికి లేచి తొమ్మిది మందికి వండేది కూడా ఆవిడే అయితే మాత్రం డబ్బాలు కట్టీ లాభం లేదు, అది కూడా చూసుకోండి.

డబ్బామూత:
ఆంటీ, ఆ చివరి లైన్ సూటిగా తగిలింది, వండేది అమ్మే. ఇప్పుడే అక్కకి ఫోన్ చేశా. మధ్యాహ్నం భోజనం దారిలో, నాన్న టైం ప్రకారం, కొంచెం ముందే ఆగుతాం. ఇంటి నుంచి పండ్లు, పొడి తిళ్లు, బాటిళ్లు అంతే, అవి నేనూ బావా శనివారం రాత్రి తలా ఒక కవర్ కడతాం. బావకి సగం కడుపు సంగతి ఇంకా చెప్పలేదు, శనివారం చెప్తా.

బద్ధకం:
ఆదివారం చెప్పు బ్రో, కారు ఎక్కాక