62 ఏళ్ళ వయసులో బరువు తగ్గే ఆపరేషను చేయించుకోవచ్చా?

లెక్కల టీచరు, విజయనగరం

నమస్కారం. నా వయసు 62. ఎత్తు 154 సెంటీమీటర్లు, బరువు 108 కిలోలు. ముప్పై మూడేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని కాబట్టి ఎత్తుకి బరువు ఎంత ఎక్కువో చెప్పే బీఎంఐ నేనే కట్టుకున్నాను, 45.5 వచ్చింది. షుగరు వచ్చి పద్నాలుగేళ్ళయింది. బీపీ, థైరాయిడ్ మాత్రలు సరేసరి. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. మోకాళ్ళ డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకి ఎత్తి చూసి, "ముందు ఇరవై కిలోలు తగ్గి రండి, తరవాత మాట్లాడదాం" అన్నారు. మోకాళ్ళు సరిగ్గా ఉంటే నడిచే తగ్గేదాన్ని కదా! పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు అన్నట్టుంది నా పని.

నా చెప్పు పట్టీ నేను బిగించుకోలేను. వంగితే పొట్ట అడ్డం, కాలు పైకి లాక్కుందామంటే మోకాలు మడవదు. రోజూ పొద్దున్నే మావారు కింది మెట్టు మీద కూర్చుని పట్టీ పెడతారు. ఆయనకి 67. ఆ చిన్న చిల్లులో ముల్లు దూర్చాలంటే కళ్ళజోడు కావాలి. ఆయన కళ్ళజోడు వెతుక్కుంటున్నంతసేపూ నేను తలుపు పట్టుకుని నిలబడి ఉంటాను. ఆ రెండు నిమిషాలూ మా ఇద్దరికీ మాటలుండవు.

మా ఇల్లు మూడు లాంతర్లకి కూతవేటు దూరం. నిరుడు అక్కడ జరిగే పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవాన్ని టీవీలో చూశాను. డప్పులేమో కిటికీలోంచి వినిపిస్తున్నాయి.

విశాఖలో ఒక ఆసుపత్రికి వెళ్ళాం. స్లీవ్ చేస్తామన్నారు. జీర్ణాశయంలో ముప్పాతిక వంతుకు పైగా కోసి తీసేసి, అరటిపండంత గొట్టం మిగులుస్తారట. తీసేసినది మళ్ళీ పెట్టడమంటూ ఉండదు. డాక్టరుగారు బాగానే మాట్లాడారు కాని, తరవాత పక్కగదిలో ఒక అమ్మాయి, ఈ నెలాఖరులోపు చేరితే గది అద్దెలో తగ్గింపు ఇస్తామంది. ఆషాఢంలో చీరల దుకాణానికి వెళ్ళినట్టనిపించి లేచి వచ్చేశాను.

మా అబ్బాయి చేయించుకోమంటున్నాడు. మా తమ్ముడు మాత్రం "మనవరాలు పుట్టాక ఇదేం సోకు అక్కా" అన్నాడు. నేను అడిగేది ఒక్కటే. ఈ వయసులో చేయించుకున్నవాళ్ళు ఉంటే, ఆ తరవాతి రోజులు ఎలా ఉంటాయో చెప్పండి. మేం శాకాహారులం, గుడ్డు కూడా తినం. ఆపరేషను గొప్పదనం చెప్పేవాళ్ళు నాకు ఆసుపత్రిలోనే చాలామంది దొరికారు.

పాతకాలపు మనిషి

అమ్మా, ఏమీ అనుకోకండి. దేవుడిచ్చిన కడుపుని కోసి పారెయ్యడం ఏమిటి? మా అమ్మ ఎనభై ఆరేళ్ళు బతికింది, పొద్దున చోడి అంబలి, రాత్రి మజ్జిగ. నోరు కట్టుకుంటే ఏ ఆపరేషనూ అక్కర్లేదు. రోజూ నాలుగు ముద్దలు తగ్గించండి, తెల్లవారుజామున చెరువు గట్టు మీద గంట నడవండి.

లెక్కల టీచరు, విజయనగరం

మీ అమ్మగారికి నమస్కారాలు. ఆ నాలుగు ముద్దలు నేను 1994 నుంచీ తగ్గిస్తున్నాను. 2018లో ఊరంతా కొబ్బరినూనె తాగుతుంటే నేనూ తాగాను. పదకొండు కిలోలు తగ్గి, ఏడాదిన్నరలో పద్నాలుగు పెరిగాను. ఆ లెక్కలో మిగిలిన మూడూ ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి. గంట నడక సంగతి, పైన చెప్పు పట్టీ గురించి రాసింది మరొక్కసారి చదవండి.

నాగావళి గట్టు, శ్రీకాకుళం

టీచరమ్మగారూ, నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. అరవయ్యో ఏట స్లీవ్ చేయించుకున్నాను, ఇప్పుడు 64. అప్పుడు 118 కిలోలు. మొదటి ఏడాది చివరికి 83కి దిగాను, ఇప్పుడు 88. ఆ అయిదూ బిస్కెట్ల వల్ల వచ్చాయి. మెత్తగా నమిలేది ఏదైనా సులువుగా జారిపోతుంది, చిన్న కడుపు దాన్ని ఆపలేదు. ఈ మాట నాకు ముందు ఎవరూ చెప్పలేదు.

ఆపరేషనుకి ముందు రెండు వారాలు దాదాపు ద్రవాహారమే. కొవ్వు పట్టిన కాలేయం కుంచించుకుంటే డాక్టరుకి లోపల చోటు దొరుకుతుందట. నాకు అసలు కష్టం ఆ రెండు వారాలే. ఆపరేషను చిన్న చిన్న రంధ్రాల ద్వారా చేశారు, సాయంత్రానికే వరండాలో నడిపించారు. నొప్పి అంత కాదుగాని, ఆపరేషనప్పుడు పొట్టలోకి నింపిన గ్యాసు భుజాల్లోకి పొడుచుకొచ్చింది.

ఇంటికొచ్చాక మా ఆవిడ దగ్గుమందు సీసా మూతతో మజ్జిగ కొలిచి ఇచ్చేది. మూడు మూతలు తాగేసరికి పావుగంట. గ్లాసెడు నీళ్ళు తాగాలంటే ఈనాడు మొదటి పేజీ నుంచి ఆటల పేజీ దాకా చదవాలి. రెండు వారాలు ద్రవాలు, తరవాత మెత్తగా మిక్సీ పట్టినవి, ఆ తరవాత బాగా ఉడికిన పప్పన్నం. అన్నంతో పాటు నీళ్ళు తాగకూడదు, అరగంట ఎడం ఉండాలి. యాభై ఏళ్ళ అలవాటు కదా, చెయ్యి దానంతటదే గ్లాసు దగ్గరికి వెళ్ళేది. చివరికి గ్లాసు ఆ గదిలోనే లేకుండా చేశాం.

నాలుగో నెలలో నరసన్నపేటలో ఒక గృహప్రవేశానికి వెళ్ళాను. విస్తట్లో అన్నీ వడ్డించారు. రెండు స్పూన్ల పులిహోర, పావు బొబ్బట్టు తినేసరికి గుండె దడదడలాడి చెమటలు పట్టాయి. తీపి వేగంగా పేగులోకి దిగితే అలా అవుతుందట. బైపాస్, అంటే గుండెది కాదు, కడుపుని చిన్నది చేసి పేగుకి కలిపే ఆపరేషను, చేయించుకున్నవాళ్ళకి ఇంకా ఎక్కువ. ఇంటాయన మాత్రం వంట బాగాలేదనుకుని నొచ్చుకున్నాడు. ఇప్పుడు భోజనాలకి వెళ్తే పెద్దవాళ్ళతో ముందే చెవిలో చెప్పేస్తున్నాను.

దాచకుండా చెబుతాను. చర్మం వేలాడుతోంది, ఈ వయసులో అది వెనక్కి ముడుచుకోదు. మూడో నెల నుంచి జుట్టు రాలింది, అయినా రాలడానికి నాకున్నది పదో పరకో. గుండెల్లో మంట కొత్తగా మొదలై, రోజూ పొద్దున దానికో మాత్ర వేసుకుంటున్నాను. బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డీ బతికినంతకాలం వేసుకోవాల్సిందే, ఏడాదికోసారి రక్తపరీక్షలు తప్పవు. మరోవైపు షుగరు మాత్రలు నాలుగు ఉండేవి, ఒకటికి వచ్చాయి. ఆమదాలవలస స్టేషనులో వంతెనెక్కి అవతలి ప్లాట్‌ఫారానికి నా పెట్టె నేనే మోసుకెళ్తున్నాను.

బీమా ఉంటే ఒకటి గుర్తుపెట్టుకోండి. 2019లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఖరారు చేసిన నిబంధన ప్రకారం, బీఎంఐ 40 దాటి, తేలిక మార్గాలు ఫలించక, డాక్టరు సలహా మీద చేయించుకుంటే, అది ఊబకాయం ఆపరేషను అన్న ఒక్క కారణంతో బీమా కంపెనీ క్లెయిముని పక్కన పెట్టడానికి లేదు. మీ కొబ్బరినూనె కథతో సహా పాత ప్రయత్నాలన్నీ డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి.

థియేటరు సిస్టర్

మేడమ్, నేను విజయనగరం అమ్మాయినే, విశాఖలో ఆపరేషన్ థియేటర్లో పనిచేస్తున్నాను. మీరు వయసు గురించి అడిగారు. 2022లో అమెరికా బేరియాట్రిక్ (బరువు తగ్గించే ఆపరేషన్ల) సర్జన్ల సంఘం, అలాంటి సర్జన్ల అంతర్జాతీయ సమాఖ్య కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లో గరిష్ఠ వయసంటూ పెట్టలేదు. పుట్టిన తేదీ కన్నా శరీరంలో ఉన్న సత్తువ ముఖ్యమన్నారు. బరువు తగ్గేటప్పుడు కొవ్వుతో పాటు కండ, ఎముక బలం కూడా తగ్గుతాయి. ముప్పై ఏళ్ళవాళ్ళు తిరిగి కూడగట్టుకుంటారు. అరవై దాటాక అది కష్టం.

కాబట్టి ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోండి. చేతుల్లేని కుర్చీని గోడకి ఆనించి, చేతులు రెండూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని, ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 60 నుంచి 64 ఏళ్ళ ఆడవాళ్ళకి పన్నెండుకన్నా తగ్గితే కాళ్ళలో బలం తక్కువని లెక్క. మీకు మోకాళ్ళ వల్ల కూడా తగ్గవచ్చు, అయినా ఆ అంకె డాక్టరుకి చెప్పండి. పక్కన ఎవరైనా ఉన్నప్పుడే చెయ్యండి.

ఇంకొకటి. మోకాళ్ళ నొప్పికి ఏం మాత్రలు వేసుకుంటున్నారు? డైక్లోఫెనాక్ లాంటివైతే, బైపాస్ తరవాత అవి దాదాపు నిషిద్ధం, కుట్టు దగ్గర పుండు పడుతుంది. స్లీవ్ అయినా వాటితో జాగ్రత్త అవసరమే. మీకు స్లీవ్ ఎందుకు సూచించారో, బైపాస్ ఎందుకు కాదో డాక్టరునే అడగండి. ముందే గుండెల్లో మంట ఉంటే స్లీవ్‌తో అది పెరగవచ్చు, అందుకే నోట్లోంచి గొట్టం వేసి కడుపు లోపల చూసే ఎండోస్కోపీ చేయించుకోకుండా ఒప్పుకోకండి. గురక పెడతారా? పెడితే నిద్ర పరీక్ష ముందు. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉందని తెలియకుండా మత్తు ఇవ్వడం మాకు భయం.

అసలు అడగాల్సిన ప్రశ్న గది అద్దె కాదు. ఇంటికి వెళ్ళాక అర్ధరాత్రి జ్వరం, గుండెదడ, ఆయాసం, తీవ్రమైన కడుపునొప్పి వస్తే ఏ నంబరుకి ఫోను చెయ్యాలి, ఎత్తేది ఎవరు? కుట్టు దగ్గర లీకయినా, కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తికి చేరినా గంటలు లెక్క. మీకు విశాఖ అరవై కిలోమీటర్లు. మొదటి రెండు వారాలు విశాఖలో బంధువుల ఇంట్లో ఉండగలిగితే మేలు.

మాంసకృత్తులు రోజుకి 60 గ్రాములకు తగ్గకూడదు. పాలు పావులీటరుకి ఎనిమిది గ్రాములు, పనీరు వంద గ్రాములకి పద్దెనిమిది దాకా. చిన్న కడుపులో పప్పు మీద మాత్రమే ఆధారపడితే లెక్క తేలదు, పాల నుంచి తీసే వే ప్రొటీన్ పొడి తప్పకపోవచ్చు. విస్తట్లో ముందు పనీరు, చివర అన్నం. మన ఇళ్ళలో ఇదే అన్నిటికన్నా కష్టమైన మార్పు.

బొబ్బిలి కోడలు

మా అత్తయ్యగారికి 68, గుండెకి స్టెంటు ఉంది. ఆపరేషను వద్దనుకుని మౌంజారో మొదలుపెట్టాం, అది 2025 మార్చిలో మన దేశంలోకి వచ్చిన వారానికో సూది. ఎనిమిది నెలల్లో 94 నుంచి 82కి వచ్చారు. మొదటి నెల వాంతులు. ఖర్చు చూసి రెండు నెలలు ఆపితే నాలుగు కిలోలు తిరిగొచ్చాయి. మీ డాక్టరుని దీని గురించి కూడా అడగండి. కాకపోతే ఇది ఇంటి అద్దెలాంటిది, కట్టినన్నాళ్ళే.

లెక్కల టీచరు, విజయనగరం

అందరికీ కృతజ్ఞతలు. సిస్టర్ గారూ, నేను వేసుకునేది డైక్లోఫెనాకే, రోజుకి రెండు. ఆ ఆసుపత్రిలో ఆ మాట ఎవరూ అడగలేదు. గురక సంగతి మావారిని అడిగాను. 2015 నుంచి ఆయన హాల్లో ఎందుకు పడుకుంటున్నారో ఇప్పుడు చెప్పారు. ఇన్నాళ్ళూ అక్కడ ఫ్యాను బాగా తిరుగుతుందనుకున్నాను. నిద్ర పరీక్షకి, ఎండోస్కోపీకి వచ్చే వారం వెళ్తున్నాం, వేరే ఆసుపత్రికి. సూదులా, ఆపరేషనా అన్నది ఆ కాగితాలు చేతికి వచ్చాక.

ఎక్కడో చదివాను, ఒంట్లో ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందట. మా తమ్ముడికి ఫోను చేసి ఇరవైని నాలుగుతో హెచ్చవేయమన్నాను. వాడు చిన్నప్పుడు లెక్కల్లో నా దగ్గర చాలా తన్నులు తిన్నాడు. ఎనభై అని చెప్పి ఊరుకున్నాడు.

కుర్చీ పరీక్ష నిన్న సాయంత్రం చేశాను. ఆయన ఫోనులో గడియారం పట్టుకుని నిలబడ్డారు. ఏడోసారి లేవబోతుంటే సగంలో ఆగిపోయాను. ఆయన గబుక్కున చెయ్యి అందించి లేపారు. అది లెక్కలోకి రాదని చెప్పాను. ఆరు.