పోషకాలు కలిపిన రేషన్ బియ్యం: పైలట్ ఫలితం చూడకుండా ముందుకెళ్లొచ్చా?

తార్నాక పాఠకురాలు: రక్తహీనత తగ్గించడానికి ఐరన్ లాంటి పోషకాలున్న గింజలు కలిపిన ఫోర్టిఫైడ్ బియ్యాన్ని 2019లో కొన్ని జిల్లాల్లో పైలట్‌గా మొదలుపెట్టారు. ఫలితాలు తేలకముందే 2021 ఆగస్టు 15న దేశమంతటికీ ప్రకటించారు. 2028 డిసెంబర్ దాకా కొనసాగించడానికి 2024 అక్టోబర్‌లో కేంద్ర కేబినెట్ ఒప్పుకుంది. ఖర్చు 17,082 కోట్లు. ఇది సరైన పద్ధతేనా?

పీహెచ్‌సీ డాక్టర్: సరైనదే అంటాను. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్ఎఫ్‌హెచ్‌ఎస్-5) చూడండి. 15–49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6. ఐరన్ బిళ్లలిస్తే కడుపులో తిప్పుతోందని మానేస్తారు. అన్నం మాత్రం మానరు కదా. ఉప్పులో అయోడిన్ కలిపినప్పుడు ఇంత చర్చ జరిగిందా?

తార్నాక పాఠకురాలు: డాక్టర్ గారూ, ఉప్పు సంగతి వేరండీ. మన శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ రామలింగస్వామి బృందం 1956 నుంచి ఇప్పటి హిమాచల్‌లోని కాంగ్రా లోయలో ఏళ్ల తరబడి పనిచేసింది. కొన్ని ఊళ్లకు అయోడిన్ ఉప్పు, మరికొన్నింటికి మామూలు ఉప్పు ఇచ్చి, పిల్లల్లో గాయిటర్ (అయోడిన్ లోపంతో వచ్చే గొంతువాపు) ఎక్కడ తగ్గిందో లెక్క తీశారు. తేడా స్పష్టంగా కనిపించింది. 1962లో జాతీయ కార్యక్రమం మొదలైంది. ముందు రుజువు, ఆ తర్వాతే పథకం. బియ్యం విషయంలో అది తిరగబడింది. వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2019లో ఇచ్చిన సమీక్ష, ఐరన్ కలిపిన బియ్యం వల్ల రక్తహీనతలో పెద్దగా తేడా రాకపోవచ్చని చెప్పింది. మంత్రి ముందుకెళ్లే ఫైల్లో ఈ మాట రెండు పేజీల్లో, మామూలు భాషలో ఉండాలి కదా?

అరకు టీచర్: మా ఏజెన్సీలో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు ఉన్న పిల్లలున్నారు. వాళ్లు తినకూడదన్న హెచ్చరిక సంచి మీద వేయాలని మొదట్లో నిబంధన పెట్టారు. డీలర్ సంచి విప్పి తూకం వేసి పోస్తాడు, ఇక ఆ అక్షరాలు అప్పుడెవరు చూశారు? ఇంట్లో బియ్యం కడిగేటప్పుడు కొన్ని గింజలు తేలితే ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేస్తున్నారు. ఐరన్ ఉన్నవి అవే! అసలు ఎంత కడుపులోకి వెళ్తోందో ముందు లెక్క తీయండి.

పీహెచ్‌సీ డాక్టర్: ఏరి పారేయడం మా దగ్గరా ఉంది, ఒప్పుకుంటాను. కానీ పథకం ఆపమనను. ఇస్తూనే కొలుద్దాం.

తార్నాక పాఠకురాలు: కొలవండి. ఏ జిల్లాలో, ఎవరి రక్తం, ఎప్పుడు పరీక్షిస్తారో ముందే ప్రకటించండి. తగ్గకపోతే ఆ డబ్బు అంగన్‌వాడీల్లో గుడ్లకు, పప్పుకు మళ్లిస్తామని కూడా ఇప్పుడే రాసిపెట్టండి.