కొత్త మహానగరంలో ఒక్క రోజు: మెట్రో, బస్సులతోనే ఏడు ప్రదేశాలు చూడగలమా?

ప్రశ్న:
మేము ఇంతవరకు చూడని ఒక మహానగరంలో నాకూ మా అమ్మగారికీ ఉదయం నుంచి రాత్రి వరకు ఒక రోజు ఖాళీ దొరుకుతోంది. టాక్సీల జోలికి పోకుండా మెట్రోలోనూ బస్సుల్లోనూ తిరగాలనుకుంటున్నాము. ఏడు ప్రదేశాలను మెట్రో పటంలో గుర్తు పెట్టుకున్నాను. అన్నీ దగ్గరదగ్గరగానే కనిపిస్తున్నాయి. అమ్మకు మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కువగా ఎక్కలేరు. ఏడూ చూడగలమా? రోజంతా చెల్లే పాసు కొనడం మంచిదా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

మొదటి సమాధానం:
మెట్రో పటాన్ని చూసి దూరాలు లెక్క కట్టకండి. లండన్ భూగర్భ రైళ్ల కోసం హ్యారీ బెక్ రూపొందించిన పటం 1933లో ప్రయాణికుల చేతికి వచ్చింది. గీతలను నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా మాత్రమే గీసి, స్టేషన్ల మధ్య ఎడాన్ని ఇంచుమించు సమానంగా చూపే ఆ పద్ధతినే తరువాత ఎన్నో నగరాలు అనుసరించాయి. ఏ స్టేషన్ తరువాత ఏది వస్తుందో, ఎక్కడ రైలు మారాలో అది చక్కగా చెబుతుంది గాని, దూరం చెప్పదు. లండన్‌లోనే లీస్టర్ స్క్వేర్‌కూ కోవెంట్ గార్డెన్‌కూ మధ్య దూరం సుమారు 260 మీటర్లు. ప్లాట్‌ఫారానికి దిగి రైలు కోసం వేచి ఉండే సమయంలో నడిచి చేరుకోవచ్చు. మీ ఏడు ప్రదేశాలను మామూలు వీధి పటం మీద గుర్తించండి. అవి రెండు మూడు గుంపులుగా విడిపోతాయి. ఉదయం ఒక గుంపు, మధ్యాహ్నం ఒక గుంపు పెట్టుకుని, మిగిలినవి వదిలేయడమే మేలని నా అభిప్రాయం.

రెండవ సమాధానం:
అమ్మగారి మోకాళ్ల సంగతి మీ ప్రణాళికలో మొదట రావాలండీ. రైలు ప్రయాణం కన్నా రైలు మారడమే వారిని ఎక్కువగా అలసటకు గురి చేస్తుంది. పెద్ద కూడలి స్టేషన్లలో ఒక మార్గం నుంచి మరో మార్గానికి పొడవైన సొరంగ దారులు, మెట్లు ఉంటాయి. మా నాన్నగారిని తీసుకెళ్లినప్పుడు ఒక స్టేషన్‌లో లిఫ్టు పనిచేయక, ఆయన మెట్టు మెట్టుకూ ఆగుతూ పైకి రావలసి వచ్చింది. ఆ సాయంత్రం ఇక ఏమీ చూడలేకపోయారు. అందుకే కాస్త ఆలస్యమైనా నేరుగా వెళ్లే బస్సునే ఎంచుకోండి. బెర్లిన్‌లో జూ స్టేషన్ నుంచి అలెగ్జాండర్‌ప్లాట్జ్‌కు వెళ్లే 100వ నంబరు మామూలు సిటీ బస్సే అయినా, దాని కిటికీ పక్కన కూర్చుంటే నగరంలోని ముఖ్యమైన కట్టడాలు ఎన్నో కనిపిస్తాయి. మెట్రో ఎక్కక తప్పని చోట, లిఫ్టు పనిచేస్తున్నదో లేదో ఆ ఉదయమే చూసుకోండి.

మూడవ సమాధానం:
పాసు కొనే ముందు ఎన్నిసార్లు ఎక్కి దిగుతారో లెక్కించండి. రెండు గుంపులే అయితే విడి టికెట్లే చవక కావచ్చు. లండన్ వంటి చోట్ల బ్యాంకు కార్డు తాకించి తిరిగితే రోజుకు ఒక పరిమితి దాటి వసూలు చేయరు. అయితే ఇద్దరికీ చెరొక కార్డు ఉండాలి, మెట్రో ఎక్కేటప్పుడు వాడిన కార్డునే దిగేటప్పుడూ వాడాలి. సెలవు రోజులు కూడా చూసుకోండి: చాలా మ్యూజియంలు సోమవారం మూసి ఉంటాయి, పారిస్‌లోని లూవ్ర్ మాత్రం మంగళవారం.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. వీధి పటం మీద పెట్టి చూస్తే నాలుగు ప్రదేశాలు నదికి ఒకే ఒడ్డున ఉన్నాయి, వాటిలో మూడింటి ముందు నుంచి ఒకే బస్సు వెళుతోంది. మిగిలిన మూడింటినీ వదిలేశాను. నాలుగింటిలో ముందుగా ఏది చూడాలో అమ్మనే అడుగుతాను.