పాత టూ-స్ట్రోక్ ఔట్‌బోర్డు లోడు మీద అణిగిపోతోంది: ముందు కార్బొరేటరా, కంప్రెషనా?

తెడ్డు:
పడవ వెనక తగిలించే ముప్పై ఏళ్ల నాటి 40 హెచ్‌పీ మోటారు. రెండు సిలిండర్లు, రెండు కార్బొరేటర్లు (పెట్రోలును గాలితో కలిపేవి). తాడు లాగితే తేలిగ్గా అందుకుంటుంది, ఐడిల్ నిలకడగా ఉంది. నీళ్లలో థ్రాటిల్ సగం దాటిందంటే గొంతు పట్టేసినట్టు అణిగిపోతుంది. ప్లగ్గులు కొత్తవే. కార్బొరేటర్లు విప్పి కడగమని ఒక వర్గం, కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కే ఒత్తిడి) చూడందే స్పానర్ ముట్టొద్దని ఇంకో వర్గం. మీ మాట ఏది, ఎందుకు?

లంగరు:
కార్బొరేటరే. ఐడిల్‌కు పెట్రోలు వెళ్లే దారి వేరు, మెయిన్ జెట్ (జోరు మీద పెట్రోలు అందించే సన్న రంధ్రం) దారి వేరు. కింద బాగుండి పైన చచ్చిపోతోందంటే మెయిన్ జెట్‌లో జిగురు పట్టింది. జెట్ తీసి వెలుతురుకు పట్టి చూడండి, రంధ్రం అంచు గుండ్రంగా కనిపించాలి. తీగతో పొడవొద్దు, రంధ్రం వెడల్పయితే మిశ్రమం పాళ్లు మారిపోతాయి. క్లీనర్ కొట్టేముందు ఓ-రింగులు, గ్యాస్కెట్లు, నీడిల్ (పెట్రోలును లోపలికి వదిలే సూది వాల్వు) తీసి పక్కన పెట్టాలి. లేకపోతే రబ్బరు ఉబ్బుతుంది.

చుక్కాని:
ఒప్పుకోను. కంప్రెషన్ చూడ్డానికి పావుగంట చాలు. పిస్టన్ గీరుకుపోయిన ఇంజిన్‌కు రెండు కార్బొరేటర్ కిట్లు కొనడం డబ్బు నీళ్లలో పోయడమే. ఇంజిన్ వెచ్చబడ్డాక రెండు ప్లగ్గులూ తీసి, వైర్లను బ్లాకుకు ఎర్తు చేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, గేజి ముల్లు ఇక పెరగదు అనేదాకా లాగండి. అయిదారు లాగులు పడుతుంది. అసలు అంకె ఎంత ఉండాలన్నది మోడల్‌ను బట్టి మారుతుంది, రెండింటి మధ్య తేడాయే ముఖ్యం. 120, 115 పీఎస్‌ఐ వస్తే నిశ్చింత. 120, 80 వస్తే కార్బొరేటర్ సంగతి మరిచిపోండి.

లంగరు:
చుక్కాని గారూ, గేజిని అంతగా నమ్మకండి. వాల్వు ప్లగ్గు దగ్గర కాకుండా గొట్టం అవతలి చివర ఉంటే, ఆ గొట్టంలోని ఖాళీ కూడా సిలిండర్‌కు కలిసి అంకె తక్కువ చూపిస్తుంది. ఇంకోటి, ఎగ్జాస్ట్ పోర్టు వైపు పిస్టన్ గీతలు పడ్డా రింగులు కొన్నాళ్లు ఒత్తిడి నిలుపుతాయి. మంచి అంకె వచ్చినంత మాత్రాన ఇంజిన్ మంచిదని కాదు.

పడవతాడు:
ఇద్దరూ ప్రైమర్ బల్బును (పెట్రోలు గొట్టం మీద చేత్తో పిసికే రబ్బరు బుడ్డి) వదిలేశారు! మోటారు అణిగిపోతున్న ఆ క్షణంలోనే ఇంకొకరు బల్బు పిసకాలి. వెంటనే పుంజుకుంటే పెట్రోలు సరఫరా చాలడం లేదన్నమాట. జెట్ మూసుకుపోయి ఉంటే బౌల్ (కార్బొరేటర్ అడుగు గిన్నె) అప్పటికే నిండుగా ఉంటుంది, ఎంత పిసికినా లాభముండదు. బల్బు లోపలికి చప్పబడిపోతే అడ్డు ట్యాంకు వైపే: గాలి రంధ్రం, పికప్ జల్లెడ, లోపలి పొర ఊడిన గొట్టం. ఈ పరీక్ష పడవ నడుస్తుండగానే చేయాలి. లోడు లేకుండా ఫుల్ థ్రాటిల్ ఇవ్వొద్దు, ఇంజిన్ వేగం అదుపు తప్పుతుంది.

లంగరు:
పరీక్ష మంచిదే కానీ, నీడిల్ సీటులో మురికి ఉన్నా బల్బు ఒత్తిడికి ఇంజిన్ కాస్త తేరుకుంటుంది. అదీ కార్బొరేటర్ లోపమే.

తెడ్డు:
కంప్రెషన్ 118, 114. బల్బు పిసికితే వెంటనే పుంజుకుంటోంది. వేరే ట్యాంకు, దాని గొట్టం, దాని బల్బు పెట్టి చూసినా అదే తీరు. పై ప్లగ్గు పొడిగా ఉంది, కింది ప్లగ్గు మాత్రం నూనె, పెట్రోలుతో తడిసి నల్లగా ఉంది.

పడవతాడు:
ఆ తడి ప్లగ్గే సమాధానం. ఫ్యూయల్ పంపులోని డయాఫ్రమ్‌ను (పల్చటి పొర) కదిలించేది క్రాంక్‌కేసు (పిస్టన్ కింది గది) ఒత్తిడి. పొరకు చిల్లు పడితే పెట్రోలు ఆ రంధ్రం గుండా నేరుగా ఆ సిలిండర్‌లోకి పోతుంది. దానికి ఎక్కువై ప్లగ్గు తడుస్తుంది, కార్బొరేటర్లకు చాలకుండా పోతుంది. పంపు కింది సిలిండర్ మీదే ఉందేమో చూడండి. ఉంటే విప్పి, పొరను దీపానికి ఎదురుగా కొద్దిగా సాగదీయండి, సూదిమొన లాంటి వెలుగు చుక్క కనిపిస్తుంది. కిట్‌లో డయాఫ్రమ్, గ్యాస్కెట్లు, చెక్ వాల్వులు అన్నీ మార్చేయండి. విప్పేటప్పుడు పొరల వరస ఫొటో తీసుకోండి, తిరగబడితే పంపు పనిచేయదు.

చుక్కాని:
పొర బాగుంటే మాత్రం కింది క్రాంక్ సీలును అనుమానించండి. సీలు కారితే పొరను కదిలించే ఆ క్రాంక్‌కేసు ఒత్తిడి బలహీనపడి కొత్త పంపు కూడా తోడలేదు. తేలేదాకా పడవను జోరుగా నడపొద్దు. ఈ ఇంజిన్‌కు నూనె పెట్రోలుతోనే అందాలి, పెట్రోలు తగ్గితే నూనె కూడా తగ్గినట్టే, పొడిగా ఉన్న పై పిస్టన్ ముందు పోతుంది.

లంగరు:
పంపు ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి రెండు బౌల్సూ తెరిచి నీడిల్ సీట్లు చూడండి. ఆ మాట మీద మాత్రం వెనక్కి తగ్గను.