1972 ఎం.జి.బి.కి వెనుక షాక్ అబ్జార్బర్లు ఏవి మేలు?

నా 1972 నాటి ఎం.జి.బి. రోడ్‌స్టర్‌కు (పైకప్పు తీయగల బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) వెనుక ఇరుసు మీద లీఫ్ స్ప్రింగులతో పాటు, కారుతో వచ్చిన ఆర్మ్‌స్ట్రాంగ్ కంపెనీ లీవర్ (చేయిలాంటి మీట కదలికతో పనిచేసే) షాక్ అబ్జార్బర్లే ఇప్పటికీ ఉన్నాయి. ఎడమవైపు దానిలో లీవరు తిరిగే కడ్డీ దగ్గర నూనె కారి, దుమ్ముతో కలిసి నల్లని మడ్డిలా పేరుకున్నది. రెండుసార్లు నూనె నింపినా నెల తిరగకుండానే మళ్లీ తగ్గిపోతున్నది. గతుకు దాటిన తరువాత కారు వెనుక భాగం రెండు మూడుసార్లు ఊగితే గాని నిలవడం లేదు.

సీళ్లు మార్చి బాగుచేసిన లీవర్ జతనే మళ్లీ బిగించడమా, లేక లీవర్ షాక్‌ల బోల్టు రంధ్రాలకే బ్రాకెట్లు బిగించి టెలిస్కోపిక్ (ఒక గొట్టంలో మరొకటి జారే) రకానికి మారడమా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. కారు అసలు రూపం చెడకూడదన్నది నా గట్టి కోరిక. నేను కారు పందేలకు వెళ్లను. ఇద్దరం సామానుతో వేల్స్ కొండదారుల్లో తిరుగుతాము. మెత్తని పాత స్ప్రింగుల మీద టెలిస్కోపిక్ షాక్‌లు మరీ బిరుసుగా ఉంటాయా? ఈ రెండు రకాలనూ ఇదే కారులో నడిపి చూసినవారు, స్ప్రింగుల రబ్బరు బుష్‌లను కూడా ఇప్పుడే మార్చాలో లేదో దయచేసి తెలుపగలరు.